టేబుల్ టెన్నిస్ రాకెట్టుకు తగిన రబ్బరు – ఒక పరిశీలన

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మన పెద్దలు ఊరకే పుట్టించినది కాదు. తన అడుగులోని తడబాటును పక్కవాని వాద్యం మీద మోపటం మానవ సహజమైన బలహీనత. అయితే మద్దెల నిజంగానే ఓడు కావచ్చును గదా అన్న సందేహానికి ఆ సామెతలో చోటు లేదు. వాద్యం వాయించే విద్వాంసుని అడిగితే, చర్మం ఎంత బిగించవలెనో, వాన కాలంలో అది ఎట్లా సడలుతుందో, నల్లని ముద్ద ఎంత మందాన పెట్టవలెనో పూట సేపు చెప్పగలడు. టేబుల్ టెన్నిస్ రాకెట్టుకు రబ్బరు అటువంటి చర్మమే. చెక్క ఎంత శ్రేష్ఠమైనదైనా బంతికి తగిలేది రబ్బరే గాని చెక్క కాదు.

తెలుగు పాఠం చెప్పుకొనే వారికి రబ్బరుతో పని ఏమని పాఠకులకు తోచవచ్చును. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో సాయంత్రాలు మేము గ్రంథాలయంలో ఎంత సేపు గడిపినామో, హాస్టలు క్రీడాగదిలోని బల్ల ముందు కూడ ఇంచుమించు అంతే సేపు గడిపినాము. మన కళాశాలలో బల్ల వేసిన నాటి నుండి విద్యార్థినీ విద్యార్థులు మమ్ములను అడుగుతున్న ప్రశ్నలలో అన్నిటికంటే ఎక్కువసార్లు వినవచ్చిన ప్రశ్న ఒక్కటే: "సార్, ఏ రబ్బరు మంచిది?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదు. ఆ ప్రశ్నను ఎట్లా అడగవలెనో చెప్పటానికి ప్రయత్నిస్తుంది.

మన విద్యార్థులలో కొందరు జువ్వలదిన్నె నుండి వచ్చేవారు. వారి ఇళ్ళలోని పెద్దలను "ఏ వల మంచిది?" అని అడిగి చూడండి. సముద్రం మీద జీవితమంతా గడిపిన ఆ మనిషి వెంటనే "ఏ చేపకు?" అని ఎదురు అడుగుతాడు. కవళ్ళకు వేసే సన్నకన్ను వల వంజరానికి పనికి రాదు. వంజరానికి వేసే పెద్దకన్ను వలలో నుండి కవళ్ళు దూరిపోతాయి. ధర ఎక్కువ గనుక ఈ వలే వేస్తానని ఏ బెస్తవాడూ అనడు. రబ్బరు సంగతి సరిగ్గా ఇదే. ఇంటి దగ్గర ఈ వివేకం ఉన్న కుర్రవాడే దుకాణానికి పోయినప్పుడు మాత్రం "అన్నిటికంటే ఖరీదైనది ఇవ్వండి" అంటాడు.

రబ్బరు విషయం ఇంత పెద్దది ఎట్లా అయిందో తెలియటానికి కొంచెం చరిత్ర అవసరం. 1926లో లండనులో జరిగిన మొదటి ప్రపంచ పోటీలలో మన దేశపు జట్టు కూడ ఆడినది. ఆనాటి రాకెట్టు చాల సాధారణమైనది: చెక్క మీద బొడిపెలు గల పలుచని రబ్బరు, అంతే. బంతి తగిలినప్పుడు టకటకమని శబ్దం వచ్చేది. బంతికి వేగం గాని, తిరుగుడు గాని పెద్దగా అబ్బేది కాదు. కనుక ఓపిక గలవాడిదే రాజ్యం. 1936లో ప్రేగ్ నగరంలో పోలండు ఆటగాడు ఎర్లిక్, రుమేనియా ఆటగాడు పానెత్ ఒకే ఒక్క పాయింటు కోసం రెండు గంటలకు పైగా బంతిని అటూ ఇటూ నెట్టుకొన్నారు. ఈ కాలపు విద్యార్థి రెండు నిమిషాలు కూడ చూడలేడేమో!

ఆ యుగం ముగిసినది మన గడ్డ మీదనే. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగినవి. జపాను నుండి హిరోజి సాతో అనే కళ్ళద్దాల యువకుడు వచ్చినాడు. తన దేశంలోనే అతడు అగ్రశ్రేణిలో మొదటివాడు కాడు. కాని అతని రాకెట్టుకు బొడిపెల రబ్బరుకు బదులు మందపాటి స్పాంజి అంటించి ఉన్నది. శబ్దం లేదు. చెవితో వినటానికి అలవాటు పడిన ఐరోపా ఆటగాళ్ళకు ఆ నిశ్శబ్దమే పెద్ద శత్రువు అయింది. బంతి ఎప్పుడు తగిలిందో, ఎంత బలంతో వస్తున్నదో తెలిసేది కాదు. తెలిసేసరికి బంతి తమను దాటి పోయి ఉండేది. సాతో చివరి ఆటలో హంగరీ దేశస్థుడైన కోజియన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయినాడు.

ఈ కథను చాలమంది ఇక్కడితో ఆపి, "చూడండి, రబ్బరే గెలిపించింది" అంటారు. కథ అంతటితో ఆగలేదు. సాతోకు మరల ఆ కిరీటం దక్కలేదు. ఇతరులు ఆ స్పాంజిని తామూ అంటించుకొన్నారు, దానికి విరుగుడూ కనుగొన్నారు. కొత్త రబ్బరు ఇచ్చే ఆధిక్యం ఎదుటివారికి అది కొత్తగా ఉన్నంత కాలమే నిలుస్తుంది. 1954లో జపానుకే చెందిన ఒగిమురా స్పాంజితోనే ప్రపంచ విజేత అయినాడు. అయితే అతనికి స్పాంజితో పాటు కాళ్ళ వేగమూ, ఏళ్ళ తరబడి చేసిన కఠోర సాధనా ఉన్నవి. చివరికి అంతర్జాతీయ సమాఖ్య 1959లో హద్దులు గీసినది. రబ్బరు లేని ఉత్త స్పాంజి పనికి రాదు. స్పాంజి లేని బొడిపెల రబ్బరు జిగురుతో కలిపి 2 మిల్లీమీటర్లకు, స్పాంజితో కూడిన రబ్బరు జిగురుతో కలిపి 4 మిల్లీమీటర్లకు మించరాదు. నేటికీ నియమం ఇదే.

ఇక రబ్బరు నిర్మాణం చూద్దాము. నేడు మనం దుకాణంలో చూసే షీటులో రెండు పొరలు ఉంటాయి. పైన రబ్బరు, కింద స్పాంజి. పై రబ్బరుకు ఒక వైపు నునుపు, మరొక వైపు బొడిపెలు. బొడిపెలు లోపలికి, అనగా స్పాంజి వైపుకు తిప్పి అంటిస్తే పైకి నునుపుగా కనిపించే రబ్బరు వస్తుంది. ఎక్కువమంది వాడేది ఇదే. బొడిపెలు బయటికి ఉంచితే మరొక జాతి. ఆ బొడిపెల పొట్టి, పొడుగులను బట్టి మరల ఉపజాతులు.

బంతి బరువు 2.7 గ్రాములు మాత్రమే. అది రబ్బరును తాకి ఉండే కాలం సుమారు సెకనులో వెయ్యోవంతు. ఈ వెయ్యోవంతు కాలంలో జరిగే పని ఆశ్చర్యకరమైనది. బంతి రబ్బరులోనికి కొద్దిగా దిగుతుంది. రబ్బరు దానిని పట్టుకొని, చేయి కదిలిన దిశకు పక్కగా సాగుతుంది. సాగిన రబ్బరు వెంటనే తన స్థానానికి తిరిగి వస్తూ బంతిని తిప్పి పంపుతుంది. లాగి వదలిన రబ్బరు బద్ద వలె అన్నమాట. రబ్బరు పట్టు ఎంత గట్టిదైతే తిరుగుడు అంత ఎక్కువ. అయితే ఒక చిక్కు ఉన్నది. మనం ఇచ్చే తిరుగుడుకు సహాయపడే ఆ పట్టే, ఎదుటివాడు పంపిన తిరుగుడుకూ లోబడుతుంది. ప్రత్యర్థి సర్వీసులోని తిరుగుడును గుర్తించలేని కొత్త ఆటగాడు మంచి పట్టు గల రబ్బరు చేతబట్టితే, బంతి ఒకసారి పైకప్పుకు, ఒకసారి నెట్టు అడుగుకు పోతుంది. అప్పుడు అతడు "నాకు ఈ ఆట రాదు" అనుకొంటాడు. వచ్చునో రాదో తేలక ముందే తీర్పు జరిగిపోతుంది.

స్పాంజి మందం విషయమూ ఇటువంటిదే. 2 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందం గల స్పాంజి బలంగా కొట్టినప్పుడు బంతిని లోపలికి తీసుకొని ఉండేలు వలె విసరుతుంది. వేగం మన చేతిది కాదు, స్పాంజిది. 1.5 మిల్లీమీటర్ల స్పాంజి మీద బంతి త్వరగా చెక్కను చేరుతుంది. ఎంత బలంతో కొట్టినామో, ఎక్కడ కొట్టినామో అరచేతికి వెంటనే తెలుస్తుంది. నేర్చుకొనేవానికి కావలసినది ఈ తెలివిడే. మెత్తని స్పాంజి నెమ్మదిగా కొట్టినప్పుడు కూడ బంతిని పట్టుకొంటుంది. గట్టి స్పాంజి బలమైన దెబ్బకు గాని తన గుణం చూపదు. చైనా రబ్బర్లలో కొన్నిటికి పై పొర జిగటగా, స్పాంజి గట్టిగా ఉంటుంది. వాటిని ఆడటానికి భుజమూ నడుమూ కాళ్ళూ ఒక్కటై పని చేయవలెను. చైనా ఆటగాళ్ళ చేతిలో అవి చేసే అద్భుతాలను తెర మీద చూసి కొన్నవారికి, వాటిని అంటించిన మొదటి వారంలో బంతి నెట్టు కూడ దాటదు.

ఇందుకు మేము కళ్ళారా చూసిన ఉదాహరణ చెబుతాము. జువ్వలదిన్నె వైపు నుండి వచ్చే ఒక విద్యార్థి, చేపల వేటకు పోయే ఇంటివాడు, మొదటి సంవత్సరంలో చెక్కరాకెట్టు వంటి పాత బ్యాటుతోనే చక్కగా ఆడేవాడు. బంతిని బల్ల మీద నిలపటంలో అతని ఓర్పు చూసి మేము సంతోషించినాము. గల్ఫు దేశంలో పని చేసే అన్న సెలవులకు వస్తూ తమ్మునికి ఖరీదైన రాకెట్టు తెచ్చినాడు. రెండు వైపుల మందపాటి స్పాంజి, మిక్కిలి వేగం గల రబ్బరు. ఆ నెలలో ఆ అబ్బాయి తనకంటే చిన్నవారి చేతిలో కూడ ఓడినాడు. రబ్బరు మీద అనుమానం రాలేదు. తన మీదనే వచ్చినది. అంత ధర పెట్టి అన్న తెచ్చినది చెడ్డది ఎట్లా అవుతుంది? క్రమంగా బల్ల దగ్గరకు రావటం మానివేసినాడు. ఒక సాయంత్రం పిలిచి, కళాశాల అలమరలోని రాకెట్టుకు 1.5 మిల్లీమీటర్ల సాధారణ రబ్బరు అంటించి చేతికి ఇచ్చినాము. "అన్న తెచ్చినది పారవేయవద్దు, రెండేళ్ళు దాచు" అని చెప్పినాము. ఆ అబ్బాయి మరల ఆటలోకి వచ్చినాడు. ఒకవేళ రాకపోయి ఉంటే, ఆటగాడు ఒకడు తగ్గినాడని ఎవరూ గుర్తించి కూడ ఉండేవారు కారు.

బొడిపెలు బయటికి ఉండే రబ్బర్ల గురించి విద్యార్థులలో కుతూహలం ఎక్కువ, అవగాహన తక్కువ. పొట్టి బొడిపెల రబ్బరు బంతిని ఎక్కువ సేపు పట్టదు. కనుక ఎదుటివాని తిరుగుడు దాని మీద అంతగా పని చేయదు. బల్లకు దగ్గరగా నిలబడి చదునుగా, వేగంగా కొట్టేవారికి అది అనుకూలం. పొడుగు బొడిపెల రబ్బరు స్వభావం వేరు. బంతి తగలగానే బొడిపెలు వంగిపోతాయి. బంతి వాటి మీద జారుతుందే గాని పట్టుబడదు.

దీని ఫలితాన్ని నిదానంగా ఆలోచించవలెను. ప్రత్యర్థి టాప్‌స్పిన్ కొట్టినాడనుకొందాము. బంతి బండి చక్రం వలె ముందుకు దొర్లే తీరున తిరుగుతూ మన వైపు వస్తున్నది. పొడుగు బొడిపెలకు తగిలి వెనుకకు మరలినది. ప్రయాణ దిశ మారినది. కాని రబ్బరు పట్టలేదు గనుక తిరుగుడు దిశ మారలేదు. ముందుకు దొర్లే చక్రాన్ని తిరుగుడు ఆపకుండా వెనుకకు తోసివేసినట్లు అయినది. ఇప్పుడు అది ప్రత్యర్థికి బ్యాక్‌స్పిన్ బంతి. అతడు ఎంత తిరుగుడు పంపితే, ఇంచుమించు అంత తిరుగుడు అతని మీదికే పోతుంది. అతడు బ్యాక్‌స్పిన్ పంపితే కొద్దిపాటి టాప్‌స్పిన్‌గా తిరిగి వస్తుంది. ఏ తిరుగుడూ లేని బంతి పంపితే దాదాపు ఏమీ లేని బంతే తిరిగి వస్తుంది. పొడుగు బొడిపెలను ఎదుర్కొనే రహస్యం ఈ చివరి వాక్యంలోనే ఉన్నది. అప్పు ఇవ్వనివానికి వడ్డీ భయం లేదు. బొడిపెలు లేకుండా పై పొరను జారుడుగా చేసిన యాంటీస్పిన్ రబ్బరు కూడ ఇటువంటి పనే చేస్తుంది.

ఇది మోసం కాదా అని మన విద్యార్థులు అడుగుతారు. ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదు. 1970ల నాటి నుండి కొందరు ఆటగాళ్ళు ఒక వైపు మంచి పట్టు గల రబ్బరు, మరొక వైపు పొడుగు బొడిపెలో యాంటీస్పిన్నో అంటించి, రెండూ ఒకే రంగులో ఉంచుకొనేవారు. బల్ల కింద చేతిలో రాకెట్టును తిప్పి ఏదో ఒక వైపుతో కొట్టేవారు. ఏ వైపు తగిలిందో శబ్దం వలన తెలిసిపోకుండా అదే క్షణంలో కాలితో నేలను తన్నేవారు కూడ ఉండేవారు. చూసేవారికి ఆట అర్థం కాదు. ఆడేవానికి తాను ఎందుకు ఓడినాడో అర్థం కాదు. చివరికి 1980లలో రెండు వైపులా రెండు వేరు రంగులు ఉండవలెనన్న నియమం వచ్చినది. 1986 నుండి ఒక వైపు ఎరుపు, ఒక వైపు నలుపు స్థిరపడినవి. 2021 అక్టోబరు నుండి ఒక వైపు నలుపు తప్పనిసరిగా ఉంచి, రెండవ వైపు ఎరుపునకు బదులు గులాబీ, ఊదా, ఆకుపచ్చ, నీలం వంటి ఆమోదించిన ప్రకాశవంతమైన రంగులను కూడ అనుమతించినారు.

మా అభిప్రాయంలో ఈ రంగుల నియమం ఆటకు న్యాయం చేసినది. రబ్బరులోని విచిత్రాన్ని నిషేధించలేదు, దాపరికాన్ని నిషేధించినది. ఇప్పుడు ప్రత్యర్థి కన్ను తెరచి ఉంచితే ఏ వైపు తగిలిందో తెలుస్తుంది. తెలిసిన తరువాత చేయగలగటం అతని నేర్పు. మనిక బాత్రా వెనుకచేతి వైపు పొడుగు బొడిపెల రబ్బరుతో ఆడి, అవసరమైనప్పుడు రాకెట్టును తిప్పి, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో మహిళల సింగిల్స్ స్వర్ణం గెలిచినది. అది మోసమని ఎవరూ అనలేదు, అనరాదు. అయినా మొదటి రెండేళ్ళలో మా విద్యార్థులెవరికీ పొడుగు బొడిపెలు సూచించము. దాని మీద బంతి దానంతట అదే ఏదో చేస్తుంది గనుక, కుర్రవాడు తన చేయి ఏమి చేయవలెనో నేర్చుకోడు. ఒక మినహాయింపు మాత్రం ఉన్నది. మా విద్యార్థినులలో ఒకరు సహజంగానే రక్షణ ఆట ఆడేవారు. బల్లకు దూరంగా జరిగి, ఎంత కొట్టినా ఓపికగా కోసి పంపేవారు. నునుపు రబ్బరుతో ఏడాది సాధన చేసి, ప్రతి తిరుగుడునూ గుర్తుపట్టటం వచ్చిన తరువాతనే ఒక వైపు పొడుగు బొడిపెలు అంటించుకొన్నారు. అప్పుడు ఆ రబ్బరు ఆమె ఆటకు తోడు అయినది గాని ఆమె ఆటను మింగలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఇక్కడ రెండు మాటలు మనవి చేయదలచినాము. క్రీడా సామగ్రికి కేటాయించే సొమ్ము పరిమితమైనదని మాకు తెలుసు. ఆ పరిమితమైన సొమ్ముతో ఏటేటా తయారైన రాకెట్లు పెట్టెలలో కొనటం జరుగుతుంది. ఆ పెట్టెల మీద మూడు నక్షత్రాలు, అయిదు నక్షత్రాలు అచ్చు వేసి ఉంటాయి. ఆ నక్షత్రాలు ఏ సమాఖ్యవారూ ఇచ్చినవి కావు. తయారీదారు తన సరుకుకు తానే వేసుకొన్నవి. ఒక కంపెనీ అయిదు నక్షత్రాలకూ మరొక కంపెనీ అయిదు నక్షత్రాలకూ పోలిక లేదు. రబ్బరు పొట్లాల మీద వేగం, తిరుగుడు, అదుపు అని అచ్చు వేసే అంకెల సంగతీ ఇంతే. స్పాంజి గట్టితనాన్ని తెలిపే డిగ్రీలు కూడ చైనా లెక్క ఒకటి, ఐరోపా లెక్క మరొకటి. ఒకే కంపెనీ సరుకులో ఒకదానిని మరొకదానితో పోల్చటానికి మాత్రమే ఆ అంకెలు పనికి వస్తాయి.

పోటీలకు పోయేవారు చూడవలసిన గుర్తు వేరే ఉన్నది. రబ్బరు మీద పిడికి దగ్గరగా తయారీదారు పేరుతో పాటు అంతర్జాతీయ సమాఖ్య ఆమోద చిహ్నం అచ్చులో ఉబ్బెత్తుగా ఉంటుంది. అది కనబడేటట్లు అంటించవలెను. ఆ గుర్తు లేని రబ్బరుతో గట్టి పోటీలలో బల్ల ముందుకు పోనివ్వరు. ఎంతో దూరం ప్రయాణం చేసి, అంపైరు ముందు రాకెట్టు తిరస్కరింపబడి, తెలియనివారి రాకెట్టు అరువు తెచ్చుకొని ఆడే దుస్థితి మన విద్యార్థులకు పట్టరాదు.

కనుక మా సూచన ఇది. కమిటీవారు నాలుగు మంచి చెక్కలు, పిడి చేతికి కుదిరేవి, ఒకసారి కొనవలెను. చెక్క జాగ్రత్తగా వాడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. వాటికి 1.5 మొదలు 1.8 మిల్లీమీటర్ల వరకు మందం, మధ్యరకపు మెత్తదనం గల సర్వసాధారణపు నునుపు రబ్బర్లు అంటించవలెను. ఏటా మార్చవలసినది రబ్బర్లే గాని రాకెట్లు కావు. అగ్రశ్రేణి ఆటగాళ్ళు వాడే రబ్బరు ఒక్కొక్క వైపుకే వేల రూపాయలు అవుతుంది. ఆ ధరలో నేర్చుకొనేవారికి తగినవి రెండు మూడు వస్తాయి. జిల్లా స్థాయికి ఎదిగిన వారు ఒకరిద్దరు ఉంటే వారికి మాత్రం, వారి ఆట చూసి, ముందుచేతి వైపు 2 మిల్లీమీటర్ల రబ్బరు విడిగా ఇప్పించవచ్చును.

ఇంత చిన్న ఆట మీద కమిటీ సొమ్ము ఎందుకని ఎవరైనా తలచవచ్చును. హైదరాబాదు ఆటగాడు మీర్ ఖాసిం అలీకి టేబుల్ టెన్నిస్‌లో అర్జున పురస్కారం 1969లోనే లభించినది. హైదరాబాదుకే చెందిన ఆకుల శ్రీజ 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ వరకు పోయినది. తెలుగునాట ఈ ఆటకు వారసత్వం ఉన్నది. ఎండకు వెరవకుండా, పెద్ద మైదానం లేకుండా, ఒక గది ఉంటే చాలు ఆడపిల్లలు కూడ నిరాటంకంగా ఆడగలిగే ఆట ఇది. మన కళాశాలలో వారికి ప్రత్యేకించిన సమయం అరగంట మాత్రమే. ఆ అరగంట కూడ అరిగిపోయిన రబ్బరుతో వృథా కారాదు.

అరిగిపోయిన రబ్బరును గుర్తించటం కష్టం కాదు. నడిమి భాగం మెరుగు తప్పి తెల్లబారుతుంది, లేదా అద్దం వలె నిగనిగలాడుతుంది. శుభ్రమైన బంతిని మెల్లగా అదిమి, రబ్బరు అంచున ఒకసారి, నడుమ ఒకసారి తిప్పి చూడండి. అంచున పట్టి నడుమ జారితే ఆ రబ్బరుకు నూకలు చెల్లినట్లే. మన అలమరలోని రాకెట్లలో సగం ఈ స్థితిలో ఉన్నవని చెప్పక తప్పదు. వాటితో టాప్‌స్పిన్ నేర్చుకొనటం తడిసిన గచ్చు మీద పరుగు నేర్చుకొనటం వంటిది.

సముద్రతీరంలో రబ్బరుకు శత్రువులు ఎక్కువ. జువ్వలదిన్నె నుండి వీచే గాలిలో తేమ ఉన్నది, ఉప్పు ఉన్నది, సన్నని ఇసుక ఉన్నది. వర్షాకాలపు సాయంత్రాలలో రబ్బరు మీద కంటికి కనబడని చెమ్మ పొర ఏర్పడి బంతి జారుతుంది. అప్పుడు కొత్త రబ్బరు కొనవలెనని తొందరపడవద్దు. పొడి నూలుగుడ్డతో అద్ది చూడండి. ఆట ముగిసిన వెంటనే మంచినీటితో తడిపి పిండిన స్పాంజి ముక్కతో తుడిచి, నీడలో ఆరబెట్టి, పైన పలుచని ప్లాస్టిక్ పొర కప్పి సంచిలో ఉంచవలెను. ఎండలో సైకిలు మీద వదలివేసిన రాకెట్టు రబ్బరు కొద్ది రోజులలోనే పెళుసు బారుతుంది.

పడవ ఇంజను దగ్గర తిరిగే ఇళ్ళలోని పిల్లలకు ఒక హెచ్చరిక. పెట్రోలు, కిరోసిను తగిలితే రబ్బరు ఉబ్బుతుందని మీకు తెలుసు. ఈ గుణాన్నే ఆధారం చేసుకొని ఒకప్పుడు పెద్ద ఆటగాళ్ళు ఆటకు ముందు ఘాటైన ద్రావకం కలిసిన జిగురు పూసేవారు. స్పాంజి ఉబ్బి, బిగిసి, బంతి అదనపు వేగంతో పోయేది. ఆ ఆవిరి ఆరోగ్యానికి హాని కనుక 2008 సెప్టెంబరు నుండి దానిని నిషేధించినారు. ఇంట్లో ఉన్న నూనె రాసి ఆ వేగం తెప్పిస్తామనే ప్రయోగాలు ఇక్కడా జరిగినవి. రబ్బరు రెండు రోజులు ఉబ్బినది, మూడవ రోజు మూలలు లేచినవి.

ఇప్పుడు వాడవలసినది నీటితో చేసిన జిగురు. రబ్బరుకూ చెక్కకూ పలుచగా, సమంగా పూయవలెను. పూసినప్పుడు తెల్లగా ఉంటుంది; తెలుపు పోయి పారదర్శకం అయ్యేవరకు ఆగవలెను. పొట్లం మీద చెప్పిన సమయం కంటే మన తీరంలో ఎక్కువ సేపు పడుతుంది, తేమ వలన. తొందరపడితే లోపల తడి నిలిచి రబ్బరు బుడగలు కడుతుంది. ఆరిన తరువాత పిడి వైపు నుండి మొదలుపెట్టి, లాగకుండా, గుండ్రని సీసాతో మెల్లగా దొర్లిస్తూ అంటించవలెను. లాగి అంటిస్తే కొన్నాళ్ళకు రబ్బరు ముడుచుకొని అంచున చెక్క బయటపడుతుంది. అంచులు కత్తిరించి రాత్రంతా బరువు కింద ఉంచవలెను. మా శాఖలో దీనికి శబ్దరత్నాకరం వాడుతున్నాము. ఒక్కటి చాలకపోతే ఉర్దూ శాఖవారు ఫీరోజుల్లుగాత్ అరువు ఇస్తున్నారు.